తాడు, పలక, ధ్రువ నక్షత్రం
కోరమండల్ తీర నావికుల ‘కమాల్’ చరిత్ర

ముస్లింల విజ్ఞాన సేవను గురించి మన భాషలో వెలువడే వ్యాసాలు తరచు ఒకే బాటలో నడుస్తుంటాయి. బాగ్దాదులోని బైతుల్ హిక్మా, అల్ ఖ్వారిజ్మీ బీజగణితం, ఇబ్నుల్ హైసమ్ కాంతి శాస్త్రం, అల్ జజరీ నీటి గడియారాలు - ఈ వరుస మన పాఠకులకు కంఠస్థమే. ఇవన్నీ యథార్థాలే, గర్వించదగినవే. అయితే వీటిని చదివిన నెల్లూరు తీరవాసికి, విజ్ఞానమంటే ఎక్కడో దూరదేశపు రాజాస్థానాలలో గ్రంథస్థమైన వస్తువు, తన ఊరి రేవుకు దానితో సంబంధం లేదు అన్న భావన మిగిలిపోతుంది. ఈ భావన సరైనది కాదు. అరచేతిలో ఇమిడే ఒక చెక్కపలక, దానికి గుచ్చిన ఒక ముడుల తాడు - ఈ రెండే సామగ్రిగా గల ఒక పరికరం హిందూ మహాసముద్రాన్నంతా ఒక పాఠశాలగా మార్చింది. మన తీరపు నావికులు కూడ ఆ పాఠశాలలో విద్యార్థులు. కొంతవరకు ఉపాధ్యాయులు కూడ. ఆ పరికరాన్ని అరబ్బులు ‘కమాల్’ అన్నారు.

పేరు పెద్దది, కమాల్ అంటే పరిపూర్ణత. వస్తువు మాత్రం అతి సామాన్యమైనది. దీర్ఘచతురస్రాకారపు పలుచని పలక నడుమ ఒక రంధ్రం ఉంటుంది. దానిగుండా తాడు దూర్చి, జారిపోకుండా ముడి వేస్తారు. తాడు రెండవ కొసవైపు కొన్ని ముడులు ఉంటాయి. నావికుడు తనకు కావలసిన ముడిని పళ్ల మధ్య కరచిపట్టి, తాడు బిగువుగా నిలిచేటట్లు పలకను ముందుకు చాపుతాడు. ఒక కన్ను మూసి, పలక క్రింది అంచును సముద్రమూ ఆకాశమూ కలిసే గీతకు ఆనించి చూస్తాడు. పై అంచు ధ్రువ నక్షత్రాన్ని సరిగ్గా తాకితే, ఆ ముడి చెప్పే చోటికి చేరినట్లు లెక్క. నక్షత్రం పలకకు పైన కనిపిస్తే చేరవలసిన చోటు కంటె ఉత్తరానికి వచ్చామన్నమాట. పలక చాటున మరుగైతే ఇంకా దక్షిణాననే ఉన్నామన్నమాట.

దీని వెనుక ఉన్న సూత్రం ఖగోళ శాస్త్రంలో మొదటి పాఠాలలో ఒకటి. భూమధ్యరేఖ మీద నిలిచినవానికి ఆకాశపు ఉత్తర ధ్రువం దిగంతం మీదనే ఉంటుంది. ఉత్తరంగా ఎన్ని డిగ్రీలు వెళితే అది అన్ని డిగ్రీలు పైకి లేస్తుంది. కనుక ధ్రువ నక్షత్రపు ఎత్తు తెలిస్తే మనమున్న అక్షాంశం తెలిసినట్లే. చీకటిలో, నేల మీదను నీటి మీదను దారి తెలిపేందుకు నక్షత్రాలు కల్పించబడ్డాయని దివ్య ఖుర్ఆన్ అల్ అన్‌ఆమ్ సూరాలోని 97వ ఆయత్ గుర్తు చేస్తుంది. ఆ గుర్తును కొలతగా మార్చిన ఉపాయమే ఈ పలక.

వేలూ జామూ

అరబ్బు నావికులు నక్షత్రాల ఎత్తును డిగ్రీలలో కాక ‘ఇస్బా’లలో లెక్కించారు. ఇస్బా అంటే వేలు. చేయి చాచి, వేలిని అడ్డంగా పట్టి చూస్తే, ఆకాశంలో అది కప్పే మేర ఒక ఇస్బా. దిక్సూచి వలయంలోని 32 దిక్కులలో ఒక్కొక్కదానికి 7 వేళ్ల చొప్పున పూర్తి వలయానికి 224 వేళ్లు అని లెక్క కట్టారు. ఆ ప్రకారం ఒక వేలు 1 డిగ్రీ 36 నిమిషాలు అవుతుంది. సముద్రం మీద అది సుమారు 178 కిలోమీటర్ల దూరం.

ఇక్కడ ఒక విశేషం చెప్పాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగే వరకు నెల్లూరు జిల్లా ఉత్తర అక్షాంశం 13 డిగ్రీల 30 నిమిషాల నుండి 15 డిగ్రీల 6 నిమిషాల వరకు వ్యాపించి ఉండేది. ఆ రెండింటి తేడా సరిగ్గా 1 డిగ్రీ 36 నిమిషాలు. అంటే దక్షిణపు కొస నుండి ఉత్తరపు కొస వరకు నెల్లూరు జిల్లా మొత్తం ఒక నావికుని వేలి వెడల్పు మాత్రమే. ఇది యాదృచ్ఛికమే. కాని ఆ కొలతను మన మనసుకు దగ్గర చేయడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

ఆ వేలి దూరం నడవడానికి పట్టే కాలాన్ని అరబ్బు నావికులు 8 ‘జామ్’లు అన్నారు. ఒక జామ్ అంటే 3 గంటల ప్రయాణం. ఈ మాట విని తెలుగువాడు ఉలిక్కిపడతాడు. మనకూ జాము అంటే మూడు గంటలే, మన రాత్రింబవళ్లకూ ఎనిమిది జాములే! అరబ్బుల జామ్ సంస్కృత ‘యామం’ నుండి వచ్చిందని భాషా పండితులు చెబుతారు. మన జాముకూ మూలం ఆ యామమే. కనుక ఒక నౌక దక్షిణం నుండి ఉత్తరానికి ఎనిమిది జాములు నడిస్తే ధ్రువ నక్షత్రం ఒక వేలు పైకి లేస్తుందన్న అరబ్బు సూత్రంలో వేలు వారిది, జాము మనది.

మాటల రాకపోకలు ఒకవైపే సాగలేదు. పడవ నడిపించే పెద్దను మన నదుల మీద ‘సరంగు’ అంటారు. అది పారశీకపు ‘సర్‌హంగ్’. ‘లంగరు’ పారశీకమే. మచిలీపట్నాన్ని మనం ‘బందరు’ అంటే, అది రేవు అనే అర్థంగల పారశీక పదమే. అక్బరు కాలపు ఐనె అక్బరీలో అబుల్ ఫజల్ ఓడ సిబ్బందిని వర్ణిస్తూ నాఖుదా తరువాత ‘ముఅల్లిమ్’ను పేర్కొన్నాడు. మదర్సాలో చదివినవారికి ముఅల్లిమ్ అంటే పాఠం చెప్పే గురువు. సముద్రం మీద ముఅల్లిమ్ అంటే నక్షత్రాలను చూసి దారి చెప్పేవాడు. ఒకే పదం రెండు వృత్తులకూ చెల్లడం అర్థవంతంగానే ఉన్నది.

గ్రంథంలో ఒకటి, రేవులో మరొకటి

ఈ విద్యను గ్రంథస్థం చేసినవారిలో అగ్రగణ్యుడు అహ్మద్ ఇబ్న్ మాజిద్. ఆయన ‘కితాబుల్ ఫవాయిద్’ హి. 895, అనగా క్రీ.శ. 1490 ప్రాంతపు రచన. ఆ తరువాత సులైమాన్ అల్ మహ్రీ ఆ శాస్త్రాన్ని మరింత క్రమబద్ధం చేశాడు. గుజరాత్ తీరంలో నౌకలను పోగొట్టుకొని అహ్మదాబాదు చేరిన ఉస్మానీ నౌకాధిపతి సయ్యిదీ అలీ, 1554లో అక్కడనే కూర్చొని ఈ అరబ్బు రచనల సారాన్ని తుర్కీ భాషలో ‘ముహీత్’ అనే గ్రంథంగా కూర్చాడు. రేవుల అక్షాంశాలు, గాలుల ఋతువులు, నక్షత్రాల ఉదయాస్తమయాలు - అన్నీ ఈ గ్రంథాలలో వేళ్ల లెక్కతో ఉన్నాయి.

పూర్వకాలంలో చిన్నవీ పెద్దవీ అయిన తొమ్మిది పలకల కట్టను వాడేవారు. చేయి చాచిన దూరం మారదు. పలక పరిమాణమే మారుతుంది. తరువాత ఎవరికో ఒక చక్కని ఆలోచన వచ్చింది. పలకను ఒక్కటిగా ఉంచి, కంటికీ పలకకూ మధ్య దూరాన్నే ముడులతో మార్చవచ్చు గదా! తొమ్మిది పలకల పని ఒక తాడుతో తీరిపోయింది. ఇది ఏ పేరుగల శాస్త్రజ్ఞుని ఖాతాలోను లేదు.

మన తీరంలో ఈ సంస్కరణ ఇంకొక మెట్టు పైకెక్కింది. 1850లో మద్రాసు సాహిత్య విజ్ఞాన పత్రికలో కాంగ్రీవ్ అనే ఆంగ్ల అధికారి ఒక చిన్న వ్యాసం ప్రకటించాడు. కోరమండల్ తీరపు దేశీయ నావికులు నౌకలను నడపడంలోను, మరమ్మతు చేయడంలోను పాటించే ఉపాయాలు దాని విషయం. ఆ నావికుల చేతిలో కూడ ఇదే పలక, ఇదే తాడు ఉన్నాయి. అయితే ఆ తాడు మీది ముడులు వేళ్ల లెక్కకు సంబంధించినవి కావు. ఒక్కొక్క ముడి ఒక్కొక్క రేవు!

ఈ మార్పు ఎంత తెలివైనదో ఒక లెక్క వేసి చూద్దాం. పలక ఎత్తు 3 అంగుళాలు అనుకొందాం. కృష్ణపట్నం సుమారు 14 డిగ్రీల 15 నిమిషాల అక్షాంశంలో ఉన్నది. ధ్రువ నక్షత్రం అంతే ఎత్తున ఉన్నదనుకొంటే, పలక కంటికి 12 అంగుళాల దూరంలో ఉన్నప్పుడు నక్షత్రాన్నీ దిగంతాన్నీ కలుపుతుంది. అంటే పలక ఎత్తుకు సరిగ్గా నాలుగు రెట్లు. మద్రాసుకు ఆ దూరం సుమారు 13 అంగుళాలు, మచిలీపట్నానికి సుమారు 10న్నర అంగుళాలు. కాబట్టి మద్రాసు నుండి మచిలీపట్నం వరకు ఉన్న తీరమంతా రెండున్నర అంగుళాల తాడులో ఇమిడిపోతుంది. ఈ లెక్కకు మనకు త్రికోణమితి కావలసి వచ్చింది. నావికునికి అది అక్కరలేదు. తన రేవులో రాత్రివేళ ఒడ్డున నిలబడి, పలకను నక్షత్రానికి సరిపెట్టి, తాడు పళ్లకు తగిలిన చోట ఒక ముడి వేసుకొంటాడు. గణితమంతా ఆ ముడిలోనికి దిగిపోతుంది. అక్షరం రానివాడు కూడ చీకటిలో వేలితో తడిమి ఆ పట్టికను చదువుకోగలడు.

తిరుగు ప్రయాణంలో చేయవలసిన పని కూడ సరళమే. నక్షత్రం ఆ ముడికి సరిపోయే వరకు ఉత్తరానికో దక్షిణానికో నడిచి, అక్కడి నుండి పడమటికి తిరిగితే తన తీరం ఎదురవుతుంది.

ఇందులో మరొక సూక్ష్మం ఉన్నది. ధ్రువ నక్షత్రం పేరుకు ధ్రువమే గాని, కదలనిది కాదు. అది అసలైన ధ్రువ బిందువు చుట్టూ ఒక చిన్న వలయంలో తిరుగుతుంది. ఇబ్న్ మాజిద్ కాలంలో ఆ దూరం మూడు డిగ్రీలకు పైగా ఉండేది. కాంగ్రీవ్ వ్యాసం నాటికి ఒకటిన్నర డిగ్రీకి, మన కాలానికి ముప్పాతిక డిగ్రీ లోపుకు అది తగ్గింది. అరబ్బు ముఅల్లిమ్‌లు చాంద్ర నక్షత్రాల ఉదయాస్తమయాలను బట్టి ఏ వేళ ఎంత సవరించాలో పట్టికలు వ్రాసుకొన్నారు. ఆ సవరణను ‘బాషీ’ అన్నారు. అయితే శతాబ్దాలు గడిచేకొద్దీ గ్రంథంలోని అంకెలు ఆకాశానికి దూరమవుతాయి. ఒడ్డున నిలబడి కట్టిన ముడికి ఆ ఇబ్బంది లేదు. తాత ముడి తప్పితే మనుమడు అదే ఒడ్డున కొత్త ముడి వేసుకొంటాడు. ఆకాశం మారుతుందని ఎవరూ చెప్పకపోయినా అతని తాడు ఆకాశంతో పాటు మారుతుంది.

పొగడ్తకూ ఒక హద్దు ఉండాలి. తాడు పావు అంగుళం తేడా వస్తే, పై లెక్కలోనే, ముప్పై కిలోమీటర్లకు పైగా పొరపాటు వస్తుంది. ఓడ ఊగుతున్నప్పుడు ఆ మాత్రం తేడా సహజమే. మబ్బు పట్టిన రాత్రి పలకకు పనే లేదు. తీరం దగ్గరపడిన తరువాత నీటి రంగు, సీసపు గుండు కట్టిన తాడుతో తీసిన లోతు, గుండుకు అంటిన మట్టి, ఒడ్డున కనిపించే తాటితోపు, కొండ, గోపురం - వీటితోనే మిగిలిన దారి తెలుసుకోవాలి. నెల్లూరు తీరంలో దుగరాజపట్నం ఎదుట ఉన్న ఇసుకమేటలు పేరు మోసినవి. 1626లో ఆంగ్లేయులు అక్కడ ‘ఆర్మగాన్’ అనే పేరుతో కోటగల వర్తకశాల నెలకొల్పి, 1639 తరువాత మద్రాసుకు తరలిపోయారు. ఆ మేటలను తప్పించుకోవడానికి కమాల్ ఒక్కటే చాలదు. అది మిగిలిన అనుభవానికి తోడు మాత్రమే.

తాడుతో నిలిచిన నాగరికత

తాడు ఈ తీరానికి ఇచ్చింది కమాల్ ఒక్కటే కాదు. కొన్ని దుంగలను తాళ్లతో బిగించి కట్టిన తెప్ప మన జాలరుల ప్రధాన వాహనంగా చాల కాలం నడిచింది. మసూలా పడవలో పలకలను మేకులతో బిగించక కొబ్బరిపీచు తాడుతో కుట్టేవారు. దీన్ని పేదరికపు పనిగా భావించరాదు. మద్రాసుకు కృత్రిమ రేవు ఏర్పడక మునుపు పెద్ద ఓడలు దూరంగా నిలిచేవి. సరుకులూ ప్రయాణికులూ కెరటాల మీదుగా ఒడ్డు చేరవలసి వచ్చేది. మేకులు కొట్టిన బిర్రు పడవ నేలకు కొట్టుకొని పగిలే చోట, కుట్టు పడవ దెబ్బకు ఒదిగి, వంగి, మళ్లీ నిలిచేది.

ఎర్ర సముద్రం ఒడ్డున ఐజాబ్ రేవులో 1183లో హజ్ యాత్రికుడు ఇబ్న్ జుబైర్ చూసిన పడవలు కూడ కొబ్బరిపీచుతో కుట్టినవే. ఆయన తన యాత్రా గ్రంథంలో వాటిని వర్ణించాడు. ఐజాబ్ ఎక్కడ, మన తీరం ఎక్కడ? ఈ రెండింటి నడుమ ఉన్న నీటిలో ఎవరు ఎవరి నుండి ఏది నేర్చారో విడదీయడం, రెండు నదులు కలిసిన తరువాత నీళ్లను విడదీయడం వంటిదే. ఓడరేవు ఇటువంటి కలయికకు తావు ఇచ్చింది. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో సముద్ర వర్తకులకు అభయ శాసనం వేయించి, దూరదేశాల వారి సరుకుకు రక్షణ ప్రకటించడం ఆ కలయిక విలువ ఎరిగే.

పగటి వేళ కూడ ఈ తీరంలో ఆకాశపు కొలత నిత్యకృత్యమే. పులికాట్‌లోని ఒక పాత మసీదులో నీడ గడియారం ఉన్నది. అస్ర్ వేళను నీడ నిడివితోనే నిర్ణయిస్తారన్నది మన పాఠకులకు తెలిసిన విషయమే. మధ్యాహ్నపు నీడకు వస్తువు నిడివి ఒక రెట్టు చేరినప్పుడని షాఫయీలు, రెండు రెట్లు చేరినప్పుడని హనఫీలు పాటిస్తారు. 1371 ప్రాంతంలో డమాస్కస్ మసీదు మీనారుకు నీడ గడియారం చేసిన ఇబ్నుష్ షాతిర్, దాని కమ్మీని భూమి అక్షానికి సమాంతరంగా వంచి నిలిపాడు. ఆ వంపు ఆ ఊరి అక్షాంశమే. నావికుడు రాత్రి పలకతో కొలిచేదీ అదే కోణం.

ఎవరి ఘనత?

ఇక మన చరిత్ర రచనకు సంబంధించిన ఒక మాట. 1498లో వాస్కో ద గామాను మలిందీ నుండి కాలికట్‌కు నడిపించినవాడు ఇబ్న్ మాజిదే అని మన పత్రికలలో, ప్రసంగాలలో తరచు వినిపిస్తుంది. ఈ కథకు మూలం తరువాతి శతాబ్దంలో కుత్బుద్దీన్ అన్ నహ్రవాలీ వ్రాసిన ఒక వాక్యం. పోర్చుగీసు చరిత్రకారుడు బారోస్ మాత్రం ఆ మార్గదర్శి గుజరాతు ముస్లిం అనీ, అతని పేరు మాలెమో కానా అనీ వ్రాశాడు. మాలెమో అంటే ముఅల్లిమే. అది మనిషి పేరు కాదు, హోదా. ఇబ్న్ మాజిద్ రచనలను 1971లో ఆంగ్లంలోనికి తెచ్చిన టిబెట్స్ వంటి పండితులు పై కథను అంగీకరించలేదు. గొప్ప పేరు దొరికిందన్న ఆశతో, పేరు దక్కని ఒక గుజరాతు నావికుని పనిని మనం ఇబ్న్ మాజిద్ ఖాతాలో వేస్తున్నాము. ఇబ్న్ మాజిద్ ఘనతకు ఆ అప్పు అవసరం లేదు. ఆ నావికునికి మాత్రం అది అన్యాయం.

బారోస్ వ్రాసిన మరొక వివరం మనకు ముఖ్యం. ద గామా తన అస్త్రలాబ్‌ను చూపినప్పుడు ఆ ముఅల్లిమ్ ఆశ్చర్యపోలేదట. తమవారు వేరే సాధనంతో నక్షత్రాల ఎత్తు తీస్తారని చెప్పి, పలకలతో కూడిన ఒక పరికరాన్ని చూపాడట. ఇత్తడి యంత్రం ముందు చెక్కపలక చిన్నబోలేదు.

కమాల్‌ను ‘ముస్లింల ఆవిష్కరణ’ అని ముద్ర వేసి గర్వించడం కూడ ఇటువంటి పొరపాటే. దాన్ని వ్రాతలో నిలిపినవారు అరబ్బులు. తమిళ, లక్షదీవుల నావికులు అదే పరికరాన్ని ‘రాప్పలగై’ అన్నారు. అంటే రేయి పలక. కోరమండల్ తీరంలో దాన్ని పట్టిన చేతులు మరక్కాయర్ల, లబ్బైల ఓడలలోనివీ ఉండవచ్చు, హిందూ నావికులవీ ఉండవచ్చు. సముద్రం ఎవరి మతాన్నీ అడగలేదు. ముడి సరిగ్గా పడిందా లేదా అన్నదే అడిగింది.

మరి ఈ విద్యను గురించి మనకు తెలిసినది ఎవరి వల్ల? 1836లో కలకత్తాలో జేమ్స్ ప్రిన్‌సెప్ అరబ్బు నావికుల పరికరాలను గురించి ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వ్రాశాడు. 1850లో కాంగ్రీవ్ మన తీరాన్ని గురించి వ్రాశాడు. ఇద్దరూ పరాయివారే. ఆనాడు ఈ తీరంలో అరబీ, పారశీకం చదివిన ఆలిములు ఉన్నారు. తెలుగు, సంస్కృతం చదివిన పండితులు ఉన్నారు. వారు గ్రంథాలలో జాహ్ నక్షత్రాన్ని, ధ్రువుణ్ణి చదివారు. తమ ఊరి ఒడ్డున ఒక మనిషి అదే నక్షత్రాన్ని పళ్లతో తాడు కరచి కొలుస్తుంటే, అది వ్రాయదగిన విషయమని వారికి తోచలేదు. చదువుకూ చేతిపనికీ మధ్య మనం కట్టుకొన్న గోడ వల్ల కలిగిన నష్టం ఇది.

ఈ తీరంలోనే, పులికాట్ సరస్సు పక్కన శ్రీహరికోట నుండి 1971 అక్టోబరులో మొదటి రాకెట్ ఎగిరింది. 2013 జూలై 1న మన దేశపు దారిచూపే ఉపగ్రహాలలో మొదటిది అక్కడి నుండే ఆకాశానికి చేరింది. నేటి జాలరి చేతిలోని చిన్న పెట్టె ఆకాశంలోని కృత్రిమ తారల నుండి తన స్థానాన్ని కొన్ని మీటర్ల మేరకు తెలుసుకొంటున్నది. ఇది మంచి మార్పే. ఎన్నో ప్రాణాలు కాపాడుతున్నది. ముడుల తాడు తిరిగి రావాలని కోరడం అవివేకం. కాని ఆ పెట్టె చెప్పేది కూడ పాత ప్రశ్నకే సమాధానం: నా ఊరు ఎటు?

ఈ తీరపు గ్రామాలలో - కృష్ణపట్నంలో, జువ్వలదిన్నెలో, మైపాడులో, పులికాట్ చుట్టుపట్ల - తెరచాప పడవలు ఎరిగిన వృద్ధులు ఉన్నారు. గాలుల పేర్లు, నీటి రంగుల పేర్లు, నక్షత్రాల పేర్లు, ముడుల పేర్లు వారి నోట ఉన్నాయి. మన సంస్థలలో అరబీ నేర్చే విద్యార్థి ఇబ్న్ మాజిద్ గ్రంథాన్ని ఒక చేత పట్టుకొని, రెండవ చేత కలం పట్టుకొని వారి వద్దకు వెళ్లాలి. జామ్ పక్కన జామునూ, ఇస్బా పక్కన వేలినీ వ్రాసుకోవాలి. అందుకు పెద్ద ధనం అక్కరలేదు. వినే ఓపిక, వ్రాసే నిజాయితీ చాలు. ఆలస్యం మాత్రం చేయరాదు. ఆ వృద్ధులు ఎల్లకాలం మన కోసం వేచి ఉండరు.